హెలికాప్టర్ టేకాఫ్: నేల నుంచి, హోవర్ నుంచి

హెలికాప్టర్ నేలను వదిలి, తగిన వేగం అందుకుని, పైకి ఎగబాకడం మొదలుపెట్టే వరకు సాగే దశను టేకాఫ్ అంటారు. విమానంలా రన్‌వే మీద పరుగెత్తాల్సిన పని లేదు కాబట్టి హెలికాప్టర్ నిట్టనిలువుగా లేచి, అలాగే పైపైకి పోయి, ఆ తర్వాత దారి పడుతుందని చూసేవాళ్లు అనుకుంటారు. పైలట్లు వీలైనంతవరకు అలా చేయరు. మామూలు టేకాఫ్‌లో హెలికాప్టర్ నడుము ఎత్తుకు లేచి, కాసేపు గాలిలో కదలకుండా నిలబడుతుంది. తర్వాత ముక్కు కొద్దిగా వంచి నేలబారుగా ముందుకు సాగుతుంది. వేగం పుంజుకున్నాకే ఎత్తుకు వెళుతుంది. గాలిలో అలా ఒకేచోట నిలబడటాన్ని హోవర్ అంటారు. దానికి ఎంత శక్తి ఖర్చవుతోంది, ఇంజిన్‌లో ఇంకా ఎంత మిగిలింది అన్న లెక్క మీదే ఏ పద్ధతిలో టేకాఫ్ చేయాలన్నది ఆధారపడి ఉంటుంది. ఈ వ్యాసంలో చెప్పే పద్ధతులన్నీ ఆ ఒక్క లెక్క చుట్టూ పుట్టినవే.

నిలబడటానికే ఎక్కువ శక్తి

రోటర్ బ్లేడ్లు గాలిని కిందికి తోస్తాయి. ఆ తోపుకు ప్రతిచర్యగా హెలికాప్టర్ పైకి లేస్తుంది. ఒకే బరువును మోయడానికి రెండు మార్గాలున్నాయి. కొద్దిపాటి గాలిని పట్టి బాగా వేగంగా కిందికి తోయవచ్చు. లేదా ఎక్కువ గాలిని పట్టి మెల్లగా తోయవచ్చు. రెండోదానికి శక్తి తక్కువ పడుతుంది. హోవర్‌లో ఉన్న రోటర్‌కు మొదటి మార్గమే గతి. తాను కిందికి తోసిన గాలిలోనే అది తిరుగుతూ ఉంటుంది. పైనుంచి వచ్చే గాలి అప్పటికే కిందికి జారుతూ ఉంటుంది. అదే హెలికాప్టర్ ముందుకు కదిలితే క్షణక్షణానికీ కలత చెందని కొత్త గాలి రోటర్‌కు అందుతుంది. తక్కువ శక్తితో అదే బరువును మోయగలుగుతుంది. అందుకే హెలికాప్టర్‌కు కావలసిన శక్తి హోవర్‌లో చాలా ఎక్కువగా ఉండి, వేగం పెరిగేకొద్దీ తగ్గుతూ వచ్చి, ఒక మధ్యస్థ వేగం దగ్గర అతి తక్కువకు చేరి, ఆపైన గాలి ఒరిపిడి వల్ల మళ్లీ పెరుగుతుంది. చిన్న శిక్షణ హెలికాప్టర్లలో ఆ మధ్యస్థ వేగం గంటకు సుమారు 100 కిలోమీటర్లు. అతి తక్కువ శక్తితో ఎగరగలిగేచోటే మిగులు శక్తి ఎక్కువ. కాబట్టి పైకి ఎక్కడానికి అదే మంచి వేగం.

నేల దగ్గర మాత్రం హోవర్ కాస్త చౌక. రోటర్ తోసిన గాలి నేలకు తగిలి పక్కలకు పరుచుకోవాల్సి వస్తుంది, కిందికి జారే వేగం తగ్గుతుంది. దీన్ని గ్రౌండ్ ఎఫెక్ట్ అంటారు. రోటర్ నేల నుంచి తన వ్యాసమంత ఎత్తు దాటితే ఈ లాభం దాదాపు మాయమవుతుంది. వ్యాసంలో సగం ఎత్తు లోపల ఉన్నప్పుడు బాగా తెలుస్తుంది. చేతక్ హెలికాప్టర్ రోటర్ వ్యాసం 11 మీటర్లు, ఎంఐ-17ది 21 మీటర్ల పైచిలుకు. పెద్ద రోటర్‌కు ఈ మద్దతు ఎక్కువ ఎత్తు దాకా అందుతుందన్నమాట. కాంక్రీటు లాంటి గట్టి చదును నేల మీద ఈ ప్రభావం పూర్తిగా ఉంటుంది. ఏపుగా పెరిగిన గడ్డి మీద, నీటి మీద, ఎగుడుదిగుడు నేల మీద తగ్గుతుంది. నేలకు మీటరు ఎత్తులో హాయిగా నిలబడిన హెలికాప్టర్, అదే బరువుతో చెట్ల పైఎత్తున నిలబడలేకపోవచ్చు. ఈ తేడా తెలియకపోవడం వల్లే చాలామందికి నిట్టనిలువు టేకాఫ్ సులువనిపిస్తుంది.

పైలట్ చేతులు, కాళ్లు

పైలట్ ఎడమచేతి పక్కన కారు హ్యాండ్‌బ్రేక్ ఉండేచోట కలెక్టివ్ అనే లివర్ ఉంటుంది. దాన్ని పైకి లాగితే బ్లేడ్లన్నీ ఒకేసారి ఎక్కువ కోణానికి తిరిగి లిఫ్ట్‌ను, అంటే పైకెత్తే బలాన్ని, పెంచుతాయి. కుడిచేతిలోని సైక్లిక్ ఎటు వంచితే రోటర్ అటు వాలుతుంది, హెలికాప్టర్ అటు కదులుతుంది. కాళ్ల కింది పెడల్స్ తోకరోటర్ బలాన్ని మార్చి ముక్కును ఎడమకో కుడికో తిప్పుతాయి. ఇంజిన్ రోటర్‌ను ఒకవైపు తిప్పితే యంత్రం ఒళ్లు రెండోవైపు తిరగాలని చూస్తుంది; దాన్ని ఆపేది తోకరోటరే. రోటర్ వేగం స్థిరంగా ఉంచే పని ఇప్పటి యంత్రాల్లో ఎక్కువగా గవర్నర్ అనే పరికరం చూసుకుంటుంది.

ఇక్కడ ఒక తేడా చెప్పుకోవాలి. పైనుంచి చూస్తే అమెరికన్ హెలికాప్టర్ల రోటర్లు చాలావరకు గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతాయి. కలెక్టివ్ లాగినప్పుడు ఎడమ పెడల్ నొక్కాలి. ఫ్రెంచ్ మూలాలున్న చేతక్, చీతా, రష్యన్ ఎంఐ-17ల రోటర్లు గడియారం దిశలో తిరుగుతాయి. వాటిలో కుడి పెడల్ నొక్కాలి. ఒకదానిలో ఆరితేరి రెండోదానికి మారిన పైలట్ మొదటి టేకాఫ్‌లో కాళ్ల మీదే ధ్యాస పెట్టాలి.

నేల నుంచి హోవర్‌కు

అన్ని టేకాఫ్‌లకూ ఇదే పునాది. కాబట్టి దీన్ని కొంచెం దగ్గరగా చూద్దాం.

ముందుగా ముక్కు గాలికి ఎదురుగా తిప్పి ఉంచుతారు. రోటర్ పూర్తి వేగంలో తిరుగుతూ ఉంటుంది. బ్లేడ్ల కోణం మాత్రం అతి తక్కువగా ఉండటంతో యంత్రం నేల మీదే కూర్చుని ఉంటుంది. పైలట్ చూపు ముక్కు కింద నేల మీద కాకుండా కొంత దూరంలో ఉన్న గుర్తు మీద ఉంటుంది. దగ్గరి నేలను చూస్తే ప్రతి చిన్న కదలికా పెద్దదిగా కనిపించి చేతులు అతిగా స్పందిస్తాయి.

ఇప్పుడు కలెక్టివ్‌ను మెల్లగా, ఆపకుండా లాగుతాడు. చక్రాలపైనో, వాటికి బదులు ఉండే కడ్డీల్లాంటి స్కిడ్‌ల పైనో ఉన్న భారం తగ్గడం మొదలవుతుంది. యంత్రం తేలికై అటూ ఇటూ కదలబోతుంది. టేకాఫ్ మొత్తంలో అతి సున్నితమైన క్షణం ఇదే. ముక్కు తిరగబోతే పెడల్‌తో ఆపుతాడు. ముందుకో వెనక్కో జారబోతే సైక్లిక్‌తో సరిచేస్తాడు. వెనుక సీట్లలో బరువు ఎక్కువుంటే ముందుభాగం మొదట లేస్తుంది. ముందు బరువుంటే తోక మొదట లేస్తుంది. బరువు ఎక్కడ కూడిందో కాగితం మీద లెక్క వేసుకుని వచ్చినా, ఈ క్షణంలో అది పైలట్ ఒంటికే తెలుస్తుంది. సైక్లిక్ దాని చివరి హద్దుకు దగ్గరగా వెళ్తున్నట్టు అనిపిస్తే కలెక్టివ్ దించేసి, బరువు మళ్లీ సర్దుకోవాలి. తొందరపడి లేవకూడదు.

తోకరోటర్ ఒళ్లు తిరగకుండా ఆపుతుంది గానీ, ఆ పని చేస్తూ యంత్రాన్ని మొత్తంగా పక్కకు నెడుతుంది. చేతక్, ఎంఐ-17 రకాల్లో ఆ నెట్టుడు ఎడమవైపుకు. అమెరికన్ రకాల్లో కుడివైపుకు. దాన్ని ఆపడానికి పైలట్ సైక్లిక్‌ను ఎదురువైపు కొద్దిగా వంచి ఉంచుతాడు. అందుకే హోవర్‌లో చాలా హెలికాప్టర్లు ఒక పక్కకు కొంచెం వాలి నిలబడతాయి. నేల వదిలేటప్పుడు రెండు పక్కల స్కిడ్‌లో చక్రాలో ఒకేసారి లేవవు. అమెరికన్ రకాల్లో ఎడమది, చేతక్ లాంటి వాటిలో కుడిది చివరగా లేస్తుంది. చూసేవాళ్లకు పొరపాటుగా అనిపించే ఈ వాలు నిజానికి సరైన సమతుల్యానికి గుర్తు.

కామోవ్ యంత్రాల్లో ఒకే ఇరుసు మీద రెండు రోటర్లు ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి. వాటికి తోకరోటరే ఉండదు, ఈ పక్క జారుడూ ఉండదు. భారత నౌకాదళం వాడే కామోవ్-31 ఆ కుదురు వల్లే ఓడ డెక్ మీద తేలిగ్గా ఇముడుతుంది.

ఒక మీటరు, మీటరున్నర ఎత్తుకు చేరాక పైలట్ యంత్రాన్ని నిలబెట్టి పవర్ చెక్ చేస్తాడు. ఎంత శక్తి వాడుతున్నాడో తెలిపే మీటరు, అంటే టర్బైన్ ఇంజిన్ అయితే టార్క్, పిస్టన్ ఇంజిన్ అయితే మానిఫోల్డ్ ప్రెషర్, ఎంత చూపిస్తోందో చదువుకుంటాడు. ఆ పూట ఆ బరువుకు, ఆ వేడికి గరిష్ఠంగా ఎంత వాడవచ్చో అతనికి ముందే తెలుసు. రెండింటికీ మధ్య ఉన్న తేడాయే అతని చేతిలోని మిగులు. మిగులు బాగా ఉంటే ఏ పద్ధతైనా ఎంచుకోవచ్చు, కొద్దిగా ఉంటే హోవర్ నుంచి మామూలు టేకాఫ్‌తో సరిపెట్టుకోవాలి. మిగులే లేకపోతే నేలకు దిగి బరువు తగ్గించాలి, లేదా చదునైన నిడివి ఉంటే పరుగెత్తి లేవాలి.

నేల వదిలే క్షణంలో ఒక ప్రత్యేక ప్రమాదం ఉంది. మూడు బ్లేడ్లకూ కీళ్లుండే చేతక్ లాంటి రోటర్లలో ఏదో కుదుపు వల్ల బ్లేడ్ల మధ్య ఎడం అసమానమైతే తిరిగే రోటర్ బరువు ఒకవైపుకు లాగుతుంది. ఆ ఊపు చక్రాల డాంపర్ల సహజమైన ఊపుతో కలిసిందంటే సెకన్లలో యంత్రం ముక్కలవుతుంది. దీన్ని గ్రౌండ్ రెజొనెన్స్ అంటారు. రోటర్ పూర్తి వేగంలో ఉంటే దీనికి విరుగుడు వెంటనే గాలిలోకి లేవడమే; నేలతో సంబంధం తెగగానే ఊపు చల్లారుతుంది. రోటర్ వేగం తక్కువుంటే ఇంజిన్ ఆపేయాలి.

హోవర్ నుంచి ముందుకు

పైలట్ సైక్లిక్‌ను కొద్దిగా ముందుకు వంచుతాడు. రోటర్ ముందుకు వాలగానే దాని బలంలో కొంత ముందుకు లాగడానికి పోతుంది, బరువు మోసే వాటా తగ్గుతుంది. దానికి తోడు నేల దగ్గర అందుతున్న గాలి మద్దతు నుంచి యంత్రం జారుకుంటుంది. ఫలితంగా హెలికాప్టర్ మొదట కొంచెం కుంగుతుంది. అనుభవం లేనివాళ్లు ఇక్కడ కంగారుపడి సైక్లిక్ వెనక్కు లాగేస్తారు. ముందుకు వెళ్లడం ఆగిపోతుంది. చేయాల్సింది కలెక్టివ్ కాస్త పెంచి, ఎత్తు నిలుపుకుంటూ ముందుకు సాగడం. అతిగా ముక్కు వంచితే కుంగుడు కూడా అతి అవుతుంది. మిగులు శక్తి కొద్దిగానే ఉన్న రోజున ఈ వంపు ఎంత మెల్లగా ఉంటే అంత మంచిది.

గంటకు 20-30 కిలోమీటర్ల వేగానికి వచ్చేసరికి యంత్రమంతా ఒకసారి వణుకుతుంది. రోటర్ ముందు సగం కొత్త గాలిని అందుకుంటూ ఉంటే వెనుక సగం ఇంకా కిందికి జారే గాలిలోనే ఉండటం వల్ల వచ్చే వణుకది. కొత్త ప్రయాణికులు భయపడతారు. పైలట్‌కు మాత్రం అది శుభవార్త. సుమారు 30-45 కిలోమీటర్ల మధ్య, అంటే 16-24 నాట్ల దగ్గర, రోటర్ తన పాత గాలిని పూర్తిగా వెనక్కు వదిలేస్తుంది. కలెక్టివ్ కదపకుండానే హెలికాప్టర్ పైకి తేలుతుంది. దీనికి ట్రాన్స్‌లేషనల్ లిఫ్ట్ అని పేరు. హెలికాప్టర్ నిజంగా ఎగరడం మొదలుపెట్టేది ఇక్కడే అంటే తప్పులేదు.

ఈ లాభంతో పాటు ఒక చిక్కు వస్తుంది. ముందుకు కదిలే రోటర్‌లో ఒకవైపు బ్లేడ్ గాలికి ఎదురుగా పోతుంది, రెండోవైపు బ్లేడ్ గాలితో పాటు వెనక్కు పోతుంది. ఎదురుగా పోయే బ్లేడ్ ఎక్కువ లిఫ్ట్ ఇస్తుంది. బ్లేడ్లు పైకీ కిందికీ ఊగి ఈ తేడాను సరిపెట్టుకుంటాయి, కానీ ఆ సర్దుబాటులో రోటర్ మొత్తం వెనక్కు వాలుతుంది, ముక్కు పైకి లేవబోతుంది. పైలట్ సైక్లిక్ ఇంకాస్త ముందుకు నెట్టి దాన్ని అణచిపెట్టాలి. నెట్టకపోతే వేగం అక్కడే ఆగి, అందిన లాభం చేజారిపోతుంది. తోకరోటర్ కూడా ఇప్పుడు కొత్త గాలిలో పనిచేస్తూ బలం పుంజుకుంటుంది కాబట్టి పెడల్ కాస్త వదలాల్సి వస్తుంది.

ఆ తర్వాత కొద్ది ఎత్తులోనే సాగుతూ గంటకు 75-90 కిలోమీటర్లు అందుకుని, అప్పుడు పైకి ఎక్కే వేగానికి సర్దుకుంటారు. చిన్న రాబిన్సన్ ఆర్-22 హెలికాప్టర్‌కు త్వరగా ఎత్తుకు వెళ్లే వేగం 53 నాట్లు, అంటే గంటకు 98 కిలోమీటర్లు. ఎదురుగాలి ఉంటే ఇదంతా సులువవుతుంది. గంటకు 30 కిలోమీటర్ల గాలికి ఎదురుగా నిలబడిన హెలికాప్టర్‌కు నేల మీద కదలకుండానే ట్రాన్స్‌లేషనల్ లిఫ్ట్ చేతికి వచ్చేస్తుంది. వెనుకగాలితో టేకాఫ్ చేస్తే ఆ లాభం దక్కడానికి ముందు ఇంకా అంత వేగం అదనంగా తెచ్చుకోవాలి. ముక్కు నిలకడ తప్పుతుంది. ఇంజిన్ ఆగితే నేలను తాకే వేగమూ ఎక్కువే.

హోవర్‌లో ఆగకుండా, నేల నుంచే

దుమ్ము, వదులు మంచు, ఎండుగడ్డి ఉన్నచోట హోవర్‌లో ఆగడం కొరివితో తల గోక్కోవడమే. రోటర్ గాలి నేలను కొట్టి పక్కలకు పాకి, పైకి లేచి మళ్లీ రోటర్‌లోకే వస్తుంది. కొన్ని సెకన్లలో యంత్రం చుట్టూ దుమ్ము గోడ కడుతుంది. పైలట్‌కు నేల, ఆకాశం రెండూ కనిపించవు. పక్కకు జారుతున్నా తెలియదు. ఇంజిన్ దుమ్ము పీలుస్తుంది.

ఇలాంటిచోట హోవర్ దశను దాటేస్తారు. కలెక్టివ్ లాగుతూ, యంత్రం తేలికవుతూండగానే సైక్లిక్ కొద్దిగా ముందుకు ఇస్తారు. హెలికాప్టర్ నేల వదలడం, ముందుకు కదలడం ఒకేసారి జరుగుతాయి. దుమ్ము లేచేలోపు యంత్రం దాని ముందుకు వెళ్లిపోతుంది. శక్తి తక్కువ ఉన్నప్పుడు కూడా ఇదే పద్ధతి మేలు, ఎందుకంటే ఖర్చు ఎక్కువగా ఉండే హోవర్‌లో ఆగే పని ఉండదు. నష్టం ఏమిటంటే పవర్ చెక్‌కు, బరువు సమతుల్యం పరీక్షకు అవకాశం దొరకదు. అందుకని లెక్కలన్నీ ముందే సరిచూసుకోవాలి.

తెలుగు రాష్ట్రాల్లో ఎన్నికల సభలకు స్కూలు మైదానాల్లో వేసే తాత్కాలిక హెలిప్యాడ్‌ల దగ్గర ఇది కళ్లకు కడుతుంది. ట్యాంకర్లతో నీళ్లు చల్లి నేలను తడుపుతారు, సున్నంతో వృత్తమూ దాని మధ్య హెచ్ గుర్తూ గీస్తారు, గాలి ఎటు వీస్తోందో తెలిసేలా పొగ పెడతారు. నీళ్లు చల్లడం నాయకుల బట్టలు పాడవకుండా చేసే మర్యాద అనుకుంటారు చాలామంది. నిజానికి అది టేకాఫ్ భద్రతలో ముఖ్యమైన భాగం. ఉదయం తడిపిన నేల మే నెల ఎండకు గంటలో ఆరిపోతుంది కాబట్టి తిరుగు ప్రయాణానికి ముందు మళ్లీ తడపడం అంతకన్నా ముఖ్యం. చుట్టూ మూగిన జనం, కరెంటు తీగలు, ఎగిరే టార్పాలిన్లు ఈ మైదానాల్లో అదనపు ముప్పు.

చెట్ల మధ్య నుంచి

ముందు చెట్లో భవనాలో ఉండి, నేలబారుగా సాగే జాగా లేనప్పుడు గరిష్ఠ శక్తి టేకాఫ్ చేస్తారు. నేల మీది నుంచే మొదలుపెట్టి, కలెక్టివ్‌ను అనుమతించిన హద్దు దాకా మెల్లగా లాగి, ముక్కును గంటకు 75 కిలోమీటర్ల వేగానికి తగిన వంపులో పెట్టి, నిటారుకు దగ్గరగా ఎక్కుతారు. అడ్డంకి దాటాక మామూలు వేగానికి మారతారు. గ్రౌండ్ ఎఫెక్ట్ లేకుండా కూడా నిలబడగల శక్తి ఉంటేనే దీనికి దిగాలి. సగం ఎత్తులో శక్తి చాలక రోటర్ వేగం పడిపోయిందంటే, కలెక్టివ్ ఇంకా లాగినకొద్దీ పరిస్థితి దిగజారుతుంది. కింద వేలాడే సరుకుతో టేకాఫ్ చేసేవాళ్లదీ ఇదే ఇబ్బంది. తాడు బిగుసుకుని సరుకు నేల వదిలేదాకా నిట్టనిలువుగానే లేవాలి.

పరుగెత్తి లేవడం

బరువు ఎక్కువై, గాలి పలచనై హోవర్‌కు శక్తి చాలనప్పుడు హెలికాప్టర్ విమానంలా పరుగెడుతుంది. నేల కొంత బరువు మోస్తుంది, రోటర్ మిగతాది మోస్తూ యంత్రాన్ని ముందుకు లాగుతుంది. ట్రాన్స్‌లేషనల్ లిఫ్ట్ అందగానే నేల వదులుతుంది. ఎంఐ-17 లాంటి చక్రాల యంత్రాలకు ఇది అలవాటైన పనే. స్కిడ్‌ల యంత్రం కూడా చదునైన నేల మీద జారుతూ లేవగలదు. హోవర్ చేయలేనంత బరువును గాలిలోకి తీసుకెళ్లే పద్ధతి కాబట్టి, దిగే చోట కూడా హోవర్ కుదరదని గుర్తుపెట్టుకోవాలి. అక్కడా జారుతూ దిగేంత చోటు ఉండాలి.

ఏటవాలు నేల

వాలు మీది నుంచి లేచేటప్పుడు సైక్లిక్‌ను మిట్టవైపు వంచి, పల్లంవైపు స్కిడ్‌ను ముందుగా లేపి, యంత్రం సమతలానికి వచ్చాక నిట్టనిలువుగా లేస్తారు. చాలా హెలికాప్టర్లకు 5 నుంచి 8 డిగ్రీల వాలే హద్దు. సైక్లిక్‌కు అంతకు మించి వంగే వీలుండదు.

ఇక్కడ పొంచి ఉన్న ప్రమాదాన్ని డైనమిక్ రోలోవర్ అంటారు. ఒక స్కిడ్ బురదలోనో, తారులోనో, తీసేయడం మరచిన తాడులోనో ఇరుక్కుని, రెండోది లేచిందనుకోండి. కాలు తట్టుకున్న మనిషి పడినట్టే యంత్రం ఇరుక్కున్న స్కిడ్ చుట్టూ బోర్లపడుతుంది. రోటర్ లాగుతూ ఉండగా మొదలైన ఈ దొర్లుడు, ఆగి ఉన్న యంత్రం పడిపోయే కోణం కన్నా చాలా తక్కువ కోణంలోనే చేయిదాటిపోతుంది. సైక్లిక్ ఎంత వంచినా ఆగదు. మనసు పైకి లేచిపొమ్మంటుంది. చేయాల్సింది దానికి పూర్తిగా వ్యతిరేకం. కలెక్టివ్‌ను నిదానంగా దించి బరువును మళ్లీ నేలకు అప్పగించాలి. నేల వదిలేటప్పుడు తొందర కూడదని శిక్షకులు పదేపదే చెప్పేది దీనికోసమే.

వేడి, ఎత్తు

వేడి గాలి పలచన. ఎత్తున ఉన్న గాలి ఇంకా పలచన. రెండూ రోటర్‌నూ ఇంజిన్‌నూ కలిసి దెబ్బతీస్తాయి. బేగంపేట విమానాశ్రయం సముద్రమట్టానికి సుమారు 1,740 అడుగుల ఎత్తున ఉంది. మే నెలలో 42 డిగ్రీల మధ్యాహ్నం అక్కడి గాలి 5,000 అడుగుల పైఎత్తున ప్రామాణిక వాతావరణంలో ఉండే గాలంత పలచగా ఉంటుంది. డిసెంబరు ఉదయం నలుగురిని తేలిగ్గా ఎత్తిన చిన్న యంత్రానికి ఆ మధ్యాహ్నం ముగ్గురే బరువు కావచ్చు.

కేదార్‌నాథ్ గుడి సుమారు 3,580 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి గాలి సాంద్రత సముద్రమట్టంలో ఉండేదానిలో 70 శాతమే. ఫాటా, సెర్సీ, గుప్తకాశీల నుంచి యాత్రికులను చేరవేసే హెలికాప్టర్లు అక్కడ శక్తి హద్దులకు దగ్గరగా పనిచేస్తాయి; ప్రయాణికుల బరువు తూచి మరీ ఎక్కించేది అందుకే. హెలిప్యాడ్ నుంచి లేచి, మందాకిని లోయ వైపు ముందుకు సాగితే కింద నేల పల్లానికి పడిపోతుంది. పైలట్ ఎత్తు కోసం ఆరాటపడకుండా ఆ పల్లాన్ని వేగంగా మార్చుకుంటాడు. గుట్ట కొన మీది నుంచి చేసే టేకాఫ్‌కు ప్రపంచమంతటా ఇదే సూత్రం: ముందు వేగం, తర్వాత ఎత్తు. లోయలో మబ్బు కమ్మితే మాత్రం ఈ దారే మృత్యుమార్గమవుతుంది. 2022 అక్టోబరు 18న గరుడచట్టి దగ్గర కేదార్‌నాథ్ నుంచి బయల్దేరిన హెలికాప్టర్ చూపు అందని వాతావరణంలో కొండను ఢీకొనడంతో పైలట్‌తో సహా ఏడుగురు చనిపోయారు.

అంతకన్నా కఠినమైన చోటు సియాచిన్. 1984లో ఆపరేషన్ మేఘదూత్ మొదలైనప్పటి నుంచి సుమారు 20,000 అడుగుల ఎత్తులోని స్థావరాలకు చీతా హెలికాప్టర్లు సరుకు మోస్తున్నాయి. చీతా అంటే ఫ్రెంచ్ లామాను హిందుస్థాన్ ఏరోనాటిక్స్ లైసెన్సు మీద తయారుచేసిన రూపం. 1972 జూన్ 21న జాన్ బులే లామాను 12,442 మీటర్ల ఎత్తుకు తీసుకెళ్లి రికార్డు నెలకొల్పాడు. కిందికి వచ్చేటప్పుడు ఇంజిన్ ఆరిపోతే రోటర్ తిరుగుడుతోనే నేలకు దిగాడు. 2005 మే 14న డిడియే డెల్సాల్ ఏఎస్350 బీ3 హెలికాప్టర్‌ను ఎవరెస్టు శిఖరం మీద దించి, దాదాపు నాలుగు నిమిషాలు ఉండి, మళ్లీ లేచాడు. ప్రపంచంలో ఇంతకన్నా ఎత్తైన నేల మీది నుంచి టేకాఫ్ సాధ్యం కాదు.

ఇంజిన్ ఆగిపోతే

హెలికాప్టర్ ఇంజిన్ ఆగినా, పైలట్ వెంటనే కలెక్టివ్ దించితే కిందినుంచి వచ్చే గాలికి రోటర్ తిరుగుతూనే ఉంటుంది. దాన్ని ఆటోరొటేషన్ అంటారు. దానికి ఎత్తయినా ఉండాలి, వేగమైనా ఉండాలి. మీటరు ఎత్తు హోవర్‌లో ఇంజిన్ ఆగితే బ్లేడ్లలో మిగిలిన ఊపుతోనే నేలకు దిగిపోవచ్చు. 150 మీటర్ల పైన అయితే కిందికి దూకి వేగం తెచ్చుకునే జాగా ఉంటుంది. మధ్యలో వేగం లేకుండా ఉంటే రెండూ ఉండవు. ప్రతి హెలికాప్టర్ మాన్యువల్‌లోనూ ఈ ప్రమాద ప్రాంతాన్ని ఎత్తు-వేగం పటంగా గీసి చూపిస్తారు. పైలట్లు దాన్ని డెడ్ మ్యాన్స్ కర్వ్ అనే పిలుస్తారు. మామూలు టేకాఫ్ నేలబారుగా ఎందుకు సాగుతుందో ఈ పటం చూస్తే తెలిసిపోతుంది. ఆ దారి ప్రమాద ప్రాంతానికి కిందుగా వెళ్లి, వేగంతో దాన్ని దాటేస్తుంది. గరిష్ఠ శక్తి టేకాఫ్ సరిగ్గా ఆ ప్రాంతం మధ్యలోంచి పోతుంది. అవసరం లేకుండా ఎవరూ దాన్ని ఎంచుకోకూడదు.

రెండు ఇంజిన్ల యంత్రాల్లో లెక్క వేరు. వాటికి టేకాఫ్ నిర్ణయ స్థానం అని ఒకటి ఉంటుంది. దానికి ముందు ఒక ఇంజిన్ ఆగితే వెనక్కు దిగిపోవాలి. దాటాక ఆగితే మిగిలిన ఇంజిన్‌తో భద్రమైన వేగం అందుకుని సాగిపోవాలి. ఆసుపత్రి పైకప్పు లాంటి చిన్న హెలిప్యాడ్ మీది నుంచి కొన్ని యంత్రాలు పైకీ వెనక్కీ ఏటవాలుగా లేస్తాయి. చూడ్డానికి వింతగా ఉన్నా కారణం చక్కనిది: దిగాల్సివస్తే హెలిప్యాడ్ పైలట్ కళ్ల ఎదుటే ఉంటుంది. నిర్ణయ స్థానం చేరగానే ముక్కు వంచి ముందుకు దూసుకుపోతాడు.

ఓడ డెక్, సముద్రంలోని చమురు రిగ్ మీది టేకాఫ్‌లలో అంచు దాటగానే కింద గట్టి నేల మాయమై సముద్రం వస్తుంది. గ్రౌండ్ ఎఫెక్ట్ ఒక్కసారిగా తెగి యంత్రం కుంగుతుంది. కాబట్టి డెక్ మీదే కొంత ఎత్తు తీసుకుని, తోక అంచుకు తగలకుండా తేల్చుకున్నాకే ముక్కు వంచుతారు. విశాఖలోని ఐఎన్‌ఎస్ డేగా నుంచి పనిచేసే నౌకాదళ పైలట్లకూ, రాజమండ్రి నుంచి కృష్ణా-గోదావరి బేసిన్ రిగ్‌లకు సిబ్బందిని తీసుకెళ్లేవారికీ ఇది నిత్యకృత్యం. ఓడ అయితే కెప్టెన్ దాన్ని తిప్పి, డెక్ మీదికి అనుకూలమైన గాలి వచ్చేలా చేసి సాయపడతాడు.

తొలి లేవడాలు, మరో గ్రహం మీది లేవడం

1907లో ఫ్రాన్స్‌లో బ్రెగే-రిషే యంత్రం నేల వదిలినప్పుడు నలుగురు మనుషులు నాలుగు మూలలా పట్టుకుని నిలబెట్టారు. లేవడం వచ్చింది గానీ అదుపు రాలేదు. అదే ఏడాది నవంబరు 13న పాల్ కోర్ను యంత్రం మనిషితో సహా స్వేచ్ఛగా లేచిందని చెబుతారు; దాని ఇంజిన్ శక్తికి అది సాధ్యమేనా అని తర్వాతి ఇంజనీర్లు సందేహించారు. 1939 సెప్టెంబరు 14న ఇగోర్ సికోర్‌స్కీ తన వీఎస్-300ను తాళ్లతో కట్టి లేపాడు, 1940 మే 13న తాళ్లు లేకుండా ఎగిరించాడు. ఆ యంత్రం తొలిదశలో వెనక్కూ పక్కలకూ బాగానే వెళ్లేది; ముందుకు వెళ్లడమే ఇబ్బందయ్యేది. హోవర్ నుంచి ముందు నడకకు మారడం ఎంత చిక్కు సమస్యో హెలికాప్టర్ పుట్టుకలోనే తేలిపోయింది.

2021 ఏప్రిల్ 19న అంగారకుడి మీద ఇంజెన్యుయిటీ అనే చిన్న హెలికాప్టర్ నిట్టనిలువుగా 3 మీటర్లు లేచి, హోవర్ చేసి, దిగింది. 1.8 కిలోల ఆ యంత్రానికి ఛీఫ్ ఇంజనీర్‌గా పనిచేసిన బాబ్ బలరామ్ మదనపల్లె దగ్గరి రిషీవ్యాలీ స్కూలులో చదువుకున్నారు. అంగారకుడి గాలి సాంద్రత భూమి మీద ఉండేదానిలో ఒక శాతం దగ్గరే. దాంతో 1.2 మీటర్ల రోటర్లను నిమిషానికి 2,400 చుట్లకు పైగా తిప్పాల్సి వచ్చింది. భూమి మీద హెలికాప్టర్ రోటర్లు కొన్ని వందల చుట్లే తిరుగుతాయి. బ్లేడ్లు పూర్తి వేగం అందుకున్నాకే కోణం పెంచి లేవడం అక్కడా ఇక్కడా ఒకటే.

నేర్పే తీరు

భారత వైమానిక దళ హెలికాప్టర్ పైలట్లకు సికింద్రాబాద్ శివారు హకీంపేటలోని హెలికాప్టర్ ట్రైనింగ్ స్కూల్ చేతక్‌ల మీద తర్ఫీదు ఇస్తూ వచ్చింది. ఎక్కడ నేర్పినా కొత్తవాళ్లకు మూడు అదుపులూ ఒకేసారి అప్పగించకపోవడం మంచి పద్ధతి. శిక్షకుడు మిగతావి పట్టుకుని మొదట పెడల్స్, తర్వాత కలెక్టివ్, చివరకు సైక్లిక్ ఇస్తాడు. హోవర్ నిలకడగా వచ్చాకే అక్కడినుంచి మామూలు టేకాఫ్, ఆ తర్వాత నేల మీది నుంచి నేరుగా లేవడం నేర్పుతారు. బరువైన యంత్రం ఎలా ఉంటుందో తెలియడానికి, తేలికపాటి యంత్రంలోనే శిక్షకుడు వాడాల్సిన శక్తికి ఒక హద్దు పెడతాడు: హోవర్‌కు ఎంత పట్టిందో చూసి, అంతకన్నా కొంచెం తక్కువతోనే టేకాఫ్ చేయమంటాడు. అప్పుడు విద్యార్థికి నేల మీద పరుగెత్తి, ట్రాన్స్‌లేషనల్ లిఫ్ట్ అందేదాకా కలెక్టివ్ జోలికి పోకుండా ఓపిక పట్టడం తప్ప వేరే దారి ఉండదు.